లోపలికి తెరుచుకునే గేటు

ఇంట్లో చంటి అని పిలిపించుకునే మనిషి బయట కమాండెంట్ గారు. యాభై దాటాయి, మీసం నెరిసింది, గదిలోకి అడుగుపెడితే కుర్రాళ్లు చటుక్కున లేచి నిలబడతారు. అయినా ఫోనులో అక్కయ్య "ఏరా చంటీ, తిన్నావా?" అనగానే కుర్చీలో బుద్ధిగా సర్దుకుని కూర్చుంటాడు. ఊహ తెలియకముందే తల్లి పోతే, చెయ్యి పట్టి నడిపించి, చెవి మెలేసి చదివించింది ఆ అక్కయ్యే. ఆవిడ ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరైంది. ఊళ్లో ఇప్పటికీ ఆవిణ్ణి వార్డెనమ్మ అనే అంటారు.

ఒకరోజు పొద్దున్నే చంటి ఫోను చేశాడు.

"అక్కా, ఒక సాయం చెయ్యాలి. వారం రోజులు నువ్వు సామాన్య పౌరురాలిగా నటించాలి."

"నటించడమెందుకురా? ఇప్పుడు నేనేమన్నా మహారాణినా?"

"అది కాదక్కా, మా ట్రైనింగులో. ఏటా కాలేజీ పిల్లలొచ్చేవాళ్లు, ఈసారి వాళ్లకి పరీక్షలు. జనం లేకపోతే జనాన్ని కాపాడే ట్రైనింగు ఎలా ఇచ్చేది?"

ఊరి చివర మూతపడ్డ నూలు మిల్లులో ఉంది అతని శిక్షణ కేంద్రం. ఆ ప్రాంతంలోని నాలుగు దేశాల సైన్యాలు ఏడాదికోసారి అక్కడ కలుస్తాయి. ఎక్కడో అంతర్యుద్ధం జరుగుతుంటే శాంతిసేనగా వెళ్లాల్సినవాళ్లు వాళ్లు. ఆయుధం లేని మనుషుల ప్రాణాలు ఎలా కాపాడాలి, ఎంతవరకు కాపాడాలి, ఎవరినడిగి కాపాడాలి అన్నది పాఠం. శిక్షణ చివర నాలుగు దేశాల ప్రతినిధులూ కూర్చుని ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టాలి. ప్రపంచమంతా ఒప్పుకున్న సూత్రాల్ని మన ప్రాంతం ఎలా అర్థం చేసుకుంటోందో చెప్పే ప్రకటన. అది ఏటా ఒకే వాక్యం దగ్గర ఆగిపోతోంది. పౌరుల్ని కాపాడాల్సింది ముందుగా ఆ దేశ ప్రభుత్వమే అనేంతవరకు అందరూ తలూపుతారు. ఆ ప్రభుత్వమే చంపుతుంటే? అక్కడికొచ్చేసరికి ఒకరు టీ కావాలంటారు, ఒకరు వాయిదా కావాలంటారు. ఆఖరికి ఆ వాక్యం వదిలేసి సంతకాలు పెడతారు.

"ఆ ముసాయిదా ఈసారి నా నెత్తిన పడింది," అన్నాడు చంటి. "అందుకే ట్రైనింగన్నా సరిగ్గా జరగాలక్కా."

"సరే, వస్తాలే. ఏం వేషం?"

"పాత బట్టలు కట్టుకో చాలు. గేటు దగ్గర ఏడవాలి."

వార్డెనమ్మ తనతోపాటు పాతికమంది దాకా పోగేసింది. రిటైరైన నర్సు, బస్సు కండక్టరు, ఇద్దరు వియ్యపురాళ్లు, ఇంకా వీధిలో తీరిగ్గా ఉన్నవాళ్లందరూ. వీళ్లందరిలోకీ హుషారైనవాడు టైలరన్నయ్య. డెబ్బై ఏళ్లవాడు. మెడలో టేపు ఇంట్లో పెట్టి రమ్మన్నా వినలేదు. "యుద్ధంలో మాత్రం టైలర్లుండరా?" అని వాదించాడు. వయసులో ఉన్నప్పుడు నాటకాలు వేసేవాణ్ణని చెప్పుకునేవాడు. వాటిని చూసినవాళ్లెవరూ మిగల్లేదు కాబట్టి అందరూ నమ్మారు.

కథ ఇది. పేరులేని ఒక దేశంలో సైన్యమే పల్లెలు తగలబెడుతోంది. జనం పరిగెత్తుకుంటూ శాంతిసేన శిబిరానికి వస్తారు. మిల్లు ఇనుప గేటే శిబిరం గేటు. వీళ్లని లోపల పెట్టుకోవడానికి ఆ దేశ ప్రభుత్వం ఒప్పుకోలేదు. రోజుకొక దేశపు అధికారి కమాండరు. అతనేం చేస్తాడన్నదే పరీక్ష. తప్పొప్పులు చెప్పడానికి ఈలతోనూ పసుపు జెండాతోనూ ఒక అంపైరు. జెండా ఎత్తితే నటన ఆగిపోవాలి.

మొదటిరోజు దీవుల దేశం నుంచి వచ్చిన కెప్టెన్ వంతు. చిన్నపిల్లే, ముప్పై కూడా ఉండవు. జనం గేటు దగ్గరికి రావడమే ఆలస్యం, "తెరవండి!" అంది. అందరూ బిలబిలమంటూ లోపలికొచ్చారు. టైలరన్నయ్య చేతులెత్తి దండం పెట్టి, కళ్లజోడు తీసి జేబులో భద్రంగా పెట్టుకుని, అప్పుడు ఆమె కాళ్ల దగ్గర కుప్పకూలాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఈలోగా శాలువాలు కప్పుకుని జనంలో కలిసొచ్చిన నలుగురు కుర్ర సైనికులు సామాను గదిలోకి దూరి, డమ్మీ తుపాకులు తీసి, శిబిరం మాదేనన్నారు. అంపైరు ఈల ఊదాడు. శిబిరం పోయింది.

"వెతక్కుండా ఎలా రానిచ్చారు?" అని అడిగారు సమీక్షలో.

"వెతకాల్సిందే. అది నా తప్పు," అంది కెప్టెన్. "తెరవడం మాత్రం తప్పు కాదు. మా దీవుల్లో తుఫానొస్తే, మునిగే పడవ ఎవరిదని అడిగి తాడు వెయ్యరు."

రెండోరోజు పెద్ద దేశపు కల్నల్ వంతు. ఆయన రాజధానికి ఫోను చేశాడు. రాజధాని అంటే పక్కగదిలో కూర్చున్న ఇద్దరు గుమాస్తాలు. వాళ్లు తమ పాత్రలో పూర్తిగా లీనమైపోయి "పరిశీలిస్తున్నాం" అన్నారు. మళ్లీ చేస్తే "సంబంధిత శాఖకు పంపాం" అన్నారు. బయట జనం ఏడ్చి ఏడ్చి అలసిపోయి, ఎవరి కబుర్లలో వాళ్లు పడ్డారు. మధ్యాహ్నానికి అంపైరు బయటికొచ్చి, "క్షమించాలి, మీరందరూ చనిపోయారు" అని ప్రకటించాడు.

అందరూ నేలమీద పడుకున్నారు. కాసేపటికి టైలరన్నయ్య ఒక కన్ను తెరిచి, "అంపైరు గారూ, చచ్చిపోయినవాళ్లు టీ తాగొచ్చా?" అని అడిగాడు.

భోజనాల దగ్గర వార్డెనమ్మ కల్నల్‌ని ఊరుకోనివ్వలేదు. "ఏం బాబూ, మమ్మల్నందర్నీ అలా చంపేశారేం?"

కల్నల్ నొచ్చుకోలేదు. నెమ్మదస్తుడు. "అమ్మా, మాది పెద్ద దేశం. పొరుగింట్లో మేం ఒక్క తలుపు తీసినా, ఆక్రమించుకోడానికే వచ్చారంటారు. మేం ఆగడం భయంతో కాదు. మమ్మల్ని చూసి భయపడేవాళ్ల కోసం ఆగుతాం."

ఆ మాట ఆవిడకి కొంత నచ్చింది, కొంత నచ్చలేదు. సాయంత్రం తమ్ముడితో అదే అంది.

"సగమే చెప్పాడక్కా," అన్నాడు చంటి. "వాళ్ల సరిహద్దు జిల్లాల్లో వాళ్ల గొడవలు వాళ్లకున్నాయి. ఇవాళ ఇంకొకడి గేటు గురించి ఒప్పుకుంటే, రేపు వాళ్ల గేటు గురించి ఎవరో అడుగుతారు."

ఆ సాయంత్రం చంటి క్వార్టర్లో భోజనానికి కొండల దేశపు మేజర్ కూడా వచ్చాడు. మూడోరోజు కమాండరు అతనే. మితభాషి. గిన్నె అందిస్తే థాంక్స్ చెప్పడం తప్ప వేరే మాట లేదు. వార్డెనమ్మే కదిపింది.

"రేపు మీ వంతట కదా. మా మీద కాస్త దయ ఉంచుతారా లేదా?"

"తెరవను," అన్నాడు మేజర్.

ఆవిడ గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. చంటి నవ్వబోయి ఆగిపోయాడు.

"చిన్నప్పుడు మమ్మల్ని కూడా కాపాడ్డానికి వచ్చారు," అన్నాడు మేజర్. "మా నాన్న బడిపంతులు. బడి పెద్దగా ఉందని అందులో దిగారు. అబద్ధం చెప్పకూడదు, ఆ మొదటి చలికాలం వాళ్లు లేకపోతే మా వీధి మిగిలేది కాదు. నాకు బూట్లిచ్చింది వాళ్లే. కాపాడ్డం అయిపోయింది. వాళ్లు మాత్రం కదల్లేదు. మా నాన్న వెళ్లి, అయ్యా బడి తెరుచుకోవాలి అని అడిగితే, ఇంకా ప్రమాదం పోలేదన్నారు. ప్రమాదం ఉందో పోయిందో చెప్పాల్సింది కూడా వాళ్లే. నేను చదువంతా పశువుల పాకలో చదివాను. నాకు మీసాలొచ్చాక వెళ్లారు వాళ్లు."

"మీ నాన్నగారు?"

"మళ్లీ ఆ బడిలో పాఠం చెప్పలేదు. అప్పటికి చూపు పోయింది." అతను మంచినీళ్లు తాగాడు. "అందుకే మా దేశంలో ఏ పార్టీ వచ్చినా ఒకటే మాట. అడగనిదే ఎవరూ ఎవరింట్లోనూ కాలు పెట్టకూడదు. కాపాడ్డానికైనా సరే. పెద్ద పెద్ద సభల్లో మా వాళ్లు ఈ మాట అంటే, రాతిగుండె అంటారు. మేం బూట్ల గురించి మాట్లాడుతున్నామని వాళ్లకి తెలీదు."

వార్డెనమ్మ ఎదురుగా కూర్చుంది. "ఒక్క మాట చెప్పనా మేజరు గారూ? నా ఉద్యోగమంతా గేటు లోపలే. ఆలస్యంగా వచ్చి బయట ఏడ్చే పిల్లల్ని చూస్తే, నాటకమాడుతున్నారనే అనిపించేది. సగం మంది నిజంగానే ఆడేవాళ్లు కూడా. లోపలున్నవాళ్లకి ఏది నాటకమో ఏది కాదో తెలీదండీ."

"తెలీదు," అని ఒప్పుకున్నాడు మేజర్. "అందుకే రూలు కావాలి."

మూడోరోజు ఎండ చురుక్కుమంటోంది. గేటు ముందు నీడ లేదు. అన్న మాట ప్రకారం మేజర్ తెరవలేదు. ఊచల అవతల నిటారుగా నిలబడి, "మీ ప్రభుత్వం నుంచి అనుమతి అడిగాం. వచ్చేదాకా లోపలికి రానివ్వలేం. నీళ్లు ఊచల్లోంచి ఇస్తాం," అని ప్రకటించాడు. నీళ్లిప్పించాడు కూడా. లోపల హాల్లో మిగతా అధికారులు అతని నిర్ణయం గురించి తర్జనభర్జన పడుతున్నారు. వాళ్ల వాదన రాసుకుంటూ అంపైరు కూడా అక్కడే ఉన్నాడు. పసుపు జెండా అతని చంకలో ఉంది.

జనం మూడోరోజుకి బాగా ఆరితేరారు. వియ్యపురాళ్లిద్దరూ పోటీపడి శోకాలు పెడుతున్నారు. టైలరన్నయ్య కాస్త వెనకగా నిలబడి చెమట తుడుచుకుంటూ, "అమ్మా, ఇవాళ నా పాట్లు ఎవరూ చూడ్డం లేదు" అని గొణిగాడు. ఆ తర్వాత పడిపోయాడు.

కండక్టరు నవ్వాడు. "మొదలెట్టాడండీ!"

వార్డెనమ్మ కూడా నవ్వబోయింది. అప్పుడు చూసింది నేలమీద కళ్లజోడుని. ఒక అద్దం పగిలి మట్టిలో ఉంది. ఆ మనిషి కళ్లజోడు జేబులో పెట్టుకోకుండా ఇన్ని రోజుల్లో ఒక్కసారీ పడలేదు. దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుంటే చల్లగా, జిగటగా తగిలింది. నర్సమ్మ వంగి నాడి చూసి, "షుగరు పడిపోయినట్టుందండీ. మాత్ర వేసుకుని తినకుండా వచ్చుంటాడు. లోపల గ్లూకోజు ఉంటుంది, తొందరగా!" అంది.

వార్డెనమ్మ గేటు దగ్గరికి పరిగెత్తింది. ఊచలు పట్టుకుని ఊపింది. "తెరవండి! మనిషి పోతున్నాడు! తెరవండయ్యా!"

కాపలా కుర్రాడు ముందుకే చూస్తూ నిలబడ్డాడు. మూడురోజులుగా ఆవిడ అంటున్న మాటే అది. అదే గొంతు, అదే ఊపు. హాల్లోంచి ఎవరో, "ఇవాళ మీ అక్కగారు అదరగొడుతున్నారు సార్," అంటే చంటి గర్వంగా నవ్వాడు. ఆ సంగతి తర్వాత తలుచుకున్నప్పుడల్లా అతని ముఖం మాడిపోయేది.

"అంపైరుని పిలవండి! జెండా ఎత్తమనండి!"

జెండా ఎత్తాల్సింది అంపైరు. అంపైరు లోపలున్నాడు. నిజం చెప్పడానికి వేరే మాటలు లేవు. ఉన్న మాటలన్నీ నటనకి ఖర్చయిపోయాయి.

అప్పుడు ఆవిడ అరవడం ఆపేసింది. ఊచలు వదిలేసి, నలిగిన శాలువా సర్దుకుని, మేజర్ ముఖంలోకి చూసి, ముందురోజు భోజనం వడ్డించినప్పటి గొంతుతో అంది. "మేజరు గారూ, ఆయన కళ్లజోడు పగిలిందండీ."

మేజర్ ఆవిడ భుజం మీదుగా అటు చూశాడు. గేటుకి కొన్ని అడుగుల అవతల దుమ్ములో మెరుస్తున్న అద్దం ముక్క చూశాడు. గడియ తీశాడు, రెక్క లోపలికి లాగాడు, బయటికి పరిగెత్తాడు. టైలరన్నయ్యని పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని లోపలికి తెచ్చాడు. మెళ్లో టేపు అతని బెల్టుకి చుట్టుకుపోయింది. అప్పటికిగాని అంపైరు బయటికి రాలేదు. ఈల నోట్లో పెట్టుకుని, ఊదాలా వద్దా అని చూస్తూ నిలబడిపోయాడు.

టైలరన్నయ్య బతికాడు. ఆసుపత్రిలో రెండోరోజుకి లేచి కూర్చుని, చూడ్డానికొచ్చిన వార్డెనమ్మతో, "నిజంగా పడితే ఎవరూ చప్పట్లు కొట్టలేదమ్మా," అని ఫిర్యాదు చేశాడు. ఆవిడ నవ్వలేక, "తినకుండా వస్తావా, బుద్ధుందా నీకు?" అని తిట్టడం మొదలెట్టింది. తిడుతుంటే ఏడుపొచ్చింది.

గుమ్మంలో మేజర్ నిలబడి ఉన్నాడు, చేతిలో కొత్త అద్దం వేయించిన కళ్లజోడుతో. టైలరన్నయ్య దాన్ని పెట్టుకుని అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, "మీ చొక్కా భుజాల దగ్గర వదులయింది, విప్పివ్వండి, సరిచేస్తా," అన్నాడు.

వరండాలో వార్డెనమ్మ అడిగింది. "తెరవనన్నారుగా."

"అన్నాను."

"పైగా బూటు బయట కూడా పెట్టారు."

"అది నా బూటు," అన్నాడు మేజర్. "మా దేశం బూటు కాదు." కాస్త నడిచి మళ్లీ అన్నాడు. "అనుకోడానికి బాగానే ఉంది. ఆ పూట నేను వేసుకున్నది మాత్రం మా దేశం ఇచ్చిన బూట్లే."

ఉమ్మడి ప్రకటన కోసం కూర్చున్నరోజు చంటి ముసాయిదాలో ఒక కొత్త వాక్యం ఉంది. ప్రాణభయంతో శిబిరం గేటు దగ్గరికి వచ్చిన పౌరుల్ని లోపలికి తీసుకోవడానికి కమాండరు ఎవరి అనుమతి కోసమూ ఆగనక్కర్లేదు. అంతే. అతను దాన్ని చదివి కాగితం బల్ల మీద పెట్టి, మూడోరోజు గురించి ఎవరైనా మాట్లాడతారేమోనని చూశాడు. ఎవరూ ఎత్తలేదు గానీ అందరూ దాని గురించే ఆలోచిస్తున్నారు.

"ఆగనక్కర్లేదు కాదు, ఆగకూడదు అని రాయండి," అంది కెప్టెన్.

"నేను సంతకం పెట్టలేను," అన్నాడు కల్నల్. "నా ఇష్టాయిష్టాలు వేరే సంగతి. మా రాజధాని దీన్ని ఎలా చదువుతుందో నాకు తెలుసు. ఇవాళ గేటు, రేపు వంతెన, ఎల్లుండి జిల్లా అంటారు."

అందరూ మేజర్ కాదంటాడనే అనుకున్నారు. అతను పెన్సిల్ అటూ ఇటూ తిప్పుతూ, "నేను ఒప్పుకుంటాను," అన్నాడు. "కింద ఇంకో వాక్యం రాస్తేనే. దీన్ని సాకుగా చూపి ఏ సైన్యమూ గేటు దాటి బయటికి పోరాదు. గేటు లోపలికి తెరుచుకోవాలి. వచ్చినవాణ్ణి కాదనడానికి మనకి హక్కు లేదు. వాళ్లిళ్లకి మనం పోవడానికీ లేదు."

కల్నల్ తలెత్తి చూశాడు. ఏళ్ల తరబడి ఆ బల్ల చుట్టూ తిరిగిన వాదనలో లోపలికి రానివ్వడం, బయటికి పోవడం రెండూ విడివిడిగా ఉండొచ్చని ఎవరూ అనలేదు. చంటి గబగబా రాసుకున్నాడు.

"మరి గేటుదాకా రాలేనివాళ్లు?" అంది కెప్టెన్. గొంతులో ఎగతాళి లేదు. "ఆ పెద్దాయన గేటు అవతలే పడ్డాడు కదా సార్. మీరు రాసిన ఈ వాక్యం ప్రకారమైతే ఆయన అక్కడే ఉండాలి."

మేజర్ పెన్సిల్ కింద పెట్టాడు. "ఆ కాస్త దూరం నాకూ తెలుసు," అన్నాడు. "ఎలా రాయాలో తెలీదు. అంత దూరం అని రాస్తే, దాన్ని సాగదీసి సాగదీసి మా బడిదాకా తెచ్చేవాళ్లుంటారు. రాయకపోతే ఆయన పోతాడు. మీకెవరికైనా తెలిస్తే చెప్పండి, సంతకం పెడతాను."

రెండు వాక్యాలూ అలాగే నాలుగు రాజధానులకీ వెళ్లాయి.

దీవుల నుంచి ముందుగా సరేనని వచ్చింది. పెద్ద దేశం రెండూ కొట్టేయమంది. కొండల దేశం నుంచి కబురు రావడానికి ఆలస్యమైంది. ఆ ఆలస్యమంతా మేజర్ మిల్లు వెనక గది తలుపేసుకుని ఫోనులో ఎవరెవరితోనో వాదిస్తూనే ఉన్నాడు. ఆఖరికి వాళ్లూ సరేనన్నారు. ఇక మిగిలింది చంటి సొంత రాజధాని. వాళ్లు కాదనలేదు. 'ఆగనక్కర్లేదు' అన్నచోట 'పరిస్థితులు అనుమతించిన మేరకు' అని మార్చి పంపారు.

ఆ సాయంత్రం చంటి అక్కయ్య ఇంటికెళ్లి, బూట్లు కూడా విప్పకుండా గడపలో కూర్చున్నాడు. ఆవిడ టీ తెచ్చి పక్కన పెట్టింది. జరిగిందంతా చెప్పాడు.

"మనవాళ్లే అన్నారా ఆ మాట?" అంది ఆవిడ.

"మనవాళ్లే."

"పరిస్థితులు అనుమతించిన మేరకంటే ఏమిట్రా? గేటు సగం తెరవడమా?"

"తెరిచినా తెరవకపోయినా మనదే ఒప్పు కావడం." టీ చల్లారిపోతున్నా తాగలేదు. "వాళ్లనీ పూర్తిగా అనలేను అక్కా. అక్కడ కూర్చున్నవాళ్లు దుర్మార్గులు కారు. ఎప్పుడో ఒకరోజు మన జనమే మన సైన్యానికి భయపడి ఎవరి గేటు దగ్గరికో పరిగెడితే, అప్పుడు ఆ గేటు తెరిచినవాణ్ణి మనం ఏమంటాం? ఆ ఆలోచన ఎవరికో వచ్చుంటుంది. దాన్ని బయటికి అనలేరు. అందుకే ఆ మాట."

వార్డెనమ్మ తమ్ముడి యూనిఫాం కాలరు మీద దారప్పోగు కనిపిస్తే అలవాటుగా తీసేసింది.

"ఆ రోజు నేను గేటు ఊపుతుంటే నువ్వు నవ్వావటగా."

అతను తల దించుకున్నాడు. "ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పార్లే. నేనైనా నవ్వేదాన్ని. ఆ సంగతి కాదు. నీకు కూడా పైనుంచి కాగితం రావాలా నాకు తెరవడానికి?"

ఆవిడ టీ వేడి చేసి మళ్లీ తెచ్చింది. ఈసారి తాగాడు.

ప్రకటన మీద సంతకాలు జరిగాయి. అందులో ఆ రెండు వాక్యాలూ లేవు, ఏటా ఉండే మాటలే ఉన్నాయి. ఫొటోలు తీసుకున్నారు. చంటి మాత్రం ఒక పని చేశాడు. శిక్షణ పుస్తకం కొత్త ముద్రణ అతని చేతిలో పనే కాబట్టి, గేటు పాఠం మొదట్లో ఆ రెండు వాక్యాలూ ఎవరూ కొట్టేయకముందు ఎలా ఉన్నాయో అలా వేశాడు. వాటి కింద కెప్టెన్ అడిగిన ప్రశ్నని కూడా జవాబు లేకుండా వేశాడు. పుస్తకానికి నాలుగు దేశాల అధికారులూ ఒప్పుకోవాలి. కల్నల్ ఆ పేజీ దగ్గర ఆగాడు. కిటికీ అవతల ఎండలో గేటుకి రంగు వేస్తున్నారు. కాసేపు అటే చూశాడు.

"శిక్షణ పుస్తకాలు మా రాజధానిలో ఎవరూ చదవరు," అని పేజీ తిప్పి సంతకం పెట్టాడు.

మరుసటి ఏడు కాలేజీ పిల్లలకి పరీక్షలు లేవు. అయినా వార్డెనమ్మ తన జనాన్ని వెంటేసుకుని వచ్చింది. టైలరన్నయ్యకి నర్సమ్మ కాపలా. తిన్నాడని ఆవిడ తలూపితేనే లోపలికి రానిస్తారు. మేజర్ రాలేదు. పదోన్నతి మీద ఇంకెక్కడికో వేశారట. అది మెచ్చుకోలో, దూరం పెట్టడమో చంటికి తెలియలేదు. అతని స్థానంలో కొండల నుంచి ఒక లెఫ్టినెంట్ వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, బెదురు చూపులు.

మొదటిరోజు పొద్దున చంటి ఆ పేజీ పైకి చదివాడు. లెఫ్టినెంట్ చెయ్యెత్తాడు.

"సార్, ఇది నిబంధనా, సలహానా?"

"తేలలేదు."

"ఉమ్మడి ప్రకటనలో ఇది లేదు కదా సార్. మరి గేటు దగ్గర నేను దేన్ని పాటించాలి?"

చంటి పుస్తకం మూశాడు. నిజమైన జవాబు తన దగ్గరుంటే చెప్పేవాడే. నాలుగు దేశాల పెద్దలు ఏళ్ల తరబడి కూర్చుని ఇవ్వలేని జవాబు అది.

"నాకూ తెలీదు," అన్నాడు. "నీ మీద మీ దేశం పెట్టిన నమ్మకం ఉంది. గేటు అవతల మనుషులున్నారు. రెండూ నిజమే. అక్కడ నిలబడితే ఏమనిపిస్తుందో ముందు చూడు, తర్వాత మాట్లాడుకుందాం."

కుర్రాడు టోపీ సర్దుకుని ఎండలోకి నడిచాడు. గేటు అవతల కబుర్లాడుకుంటున్న జనాన్ని వార్డెనమ్మ చేత్తో అదిలించింది.

"లేవండి, లేవండి. వస్తున్నాడు. కొత్తవాడు పాపం, మొదట్లోనే మరీ గట్టిగా ఏడవకండి."

లెఫ్టినెంట్ ఊచల దగ్గరికొచ్చి ఆగాడు. ఏమనాలో తోచక, ముందు ఆవిడకి నమస్కారం పెట్టాడు.